కాకిలెక్కలకు చోటివ్వని ప్రాజెక్టు

డీఎస్సీ రాసిన ఏ సారునైనా, ఏ టీచరమ్మనైనా అర్ధరాత్రి నిద్రలేపి అడగండి, తడుముకోకుండా చెప్పే బిట్టు ఒకటుంది: అన్వేషణ పద్ధతి ఆర్మ్‌స్ట్రాంగ్‌ది, ప్రాజెక్టు పద్ధతి కిల్‌పాట్రిక్‌ది. విలియం కిల్‌పాట్రిక్ 1918లో అమెరికాలో రాసిన ఓ వ్యాసంతో ఆ పేరు మారుమోగి, మన బీఈడీ పుస్తకాల దాకా వచ్చింది. పిల్లలు ఒక ఉద్దేశం పెట్టుకోవాలి, పథకం వేసుకోవాలి, పని చెయ్యాలి, చేసింది ఎలా ఉందో తామే తూకం వేసుకోవాలి. ఆయన చెప్పిన నాలుగు మెట్లు ఇవే. చేతులతో నేర్వమన్న మనిషిని నాలుగు ఆప్షన్లలో ఒకటిగా బట్టీపట్టాం. ఎవర్నీ అనాల్సిన పని లేదు, ఉద్యోగం రావాలి కదా.

బడిలోకి వచ్చాక ఆ ప్రాజెక్టు ఇంకో వేషం కట్టింది. కల్లూరు లాంటి ఏ మండల కేంద్రంలోనైనా స్టేషనరీ షాపు ముందు నిలబడి చూడండి. స్వాతంత్ర్య సమరయోధుల షీటు, సౌరకుటుంబం షీటు, జాతీయ చిహ్నాల షీటు వరసగా వేలాడుతుంటాయి. కత్తిరించి, చార్టుకు అతికించి, చుట్టూ స్కెచ్ పెన్నుతో అంచు గీస్తే ప్రాజెక్టు అయిపోయినట్టే. రాయాల్సిన నాలుగు ముక్కలు గైడులో ఉంటాయి. ఆ అతికింపులో సగం అమ్మ చేతిదో అక్క చేతిదో అయ్యుంటుంది. సారుకీ తెలుసు, పిల్లకీ తెలుసు, అమ్మకీ తెలుసు.

చార్టుల బాగోతం అందరూ ఎరిగిందే, దాన్ని అక్కడే వదిలేద్దాం. నేను చెప్పాలనుకున్నది మంచి ప్రాజెక్టులో ఉండే పనితనం గురించి. అది అట్టల్లో, రంగుల్లో, లైట్లు వెలిగే నమూనాల్లో కనపడదు. ప్రశ్నను అల్లిన తీరులో ఉంటుంది. కాకిలెక్క రాసుకురావడం కంటే నిజంగా కొలవడమే పిల్లలకు తేలికయ్యేలా పనిని మలచడం ఒక విద్య. ఆ విద్య తెలిసినవాళ్లు మన దగ్గరా ఉన్నారు, బయటా ఉన్నారు. వాళ్లు చేసిన పనులు కొన్నింటిని కల్లూరు నేల మీద పెట్టి చూస్తే ఆ నైపుణ్యం ఇంకా బాగా అర్థమవుతుంది.

ఎందుకంటే కల్లూరు అటూ ఇటూ కాని చోటు. ఖమ్మం నుంచి సత్తుపల్లి వెళ్లే రోడ్డు మీద సాగర్ ఎడమ కాల్వ నీళ్లు పారే మాగాణి కనిపిస్తుంది. పక్కనే మామిడి తోటలు. ఉత్తరంగా ఏన్కూరు, జూలూరుపాడు దాటితే అడవి మొదలు. తూర్పున అశ్వారావుపేట వైపు ఆయిల్‌పామ్. ఒకే తరగతిలో కాల్వ కింద వరి వేసే ఇంటి పిల్లా, తోట కౌలుకు పట్టిన ఇంటి పిల్లాడూ, వానాకాలం చలక మీద పత్తి వేసే ఇంటి పిల్లలూ కూర్చుంటారు. ప్రాజెక్టుకు ఇంతకంటే మంచి ముడిసరుకు ఎక్కడ దొరుకుతుంది?

ముందు మన పాఠ్యపుస్తకాల్లోదే ఒక మంచి పని. 2005 జాతీయ విద్యాప్రణాళిక చట్రం, దాని వెంట 2011లో ఉమ్మడి రాష్ట్రం తెచ్చుకున్న పరిధి పత్రం, వీటి మీద ఆధారపడి 2012 నుంచి 2014 దాకా కొత్త పుస్తకాలు వచ్చాయి. ఆరో తరగతి సాంఘికశాస్త్రంలో మూడు ఊళ్ల పాఠాలుండేవి. కృష్ణా డెల్టాలో పెనమకూరు, పాలమూరు పీఠభూమి మీద డోకూరు, కొండ మీద పెనుగోలు. ఈ పెనుగోలు అప్పట్లో మన ఖమ్మం జిల్లాదే, వాజేడు మండలంలో కొండరెడ్ల ఊరు. పోడు సాగు, వెదురు పని, కొండ దిగి సంతకు వచ్చే దారి, ఇవన్నీ అందులో ఉంటాయి.

ఆ మూడు పాఠాల అమరికను చూస్తే ముచ్చటేస్తుంది. డెల్టా, పీఠభూమి, కొండ అన్న మాటలకు నిర్వచనాలు రాసి బట్టీ పట్టించొచ్చు. వాళ్లు అలా చెయ్యలేదు. మూడు నిజమైన ఊళ్లను పక్కపక్కన పెట్టారు. అక్కడి నేల ఎలాంటిది, నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తాయి, ఏం పండుతుంది, పండింది ఎక్కడికి పోతుంది అన్నవాటి చుట్టూ కథ నడిపారు. మూడూ చదివేసరికి పిల్లకు ఒక అచ్చు చేతికొస్తుంది. ఆ అచ్చులో తన ఊరిని పోసి చూసుకోవడమే మిగిలింది. కల్లూరు పిల్లలకు ఇక్కడే అసలు చిక్కు. మన ఊరు పెనమకూరులా డెల్టా కాదు, కానీ కాల్వ ఉంది. పెనుగోలులా కొండ కాదు, కానీ అడవి దగ్గర. డోకూరులా చెరువూ బోరూ ఉన్నాయి, అయినా డోకూరూ కాదు. నాలుగో పాఠం రాయక తప్పదు, దానికి ఏ గైడులోనూ జవాబు ఉండదు. మూడు పాఠాలు ఇచ్చి నాలుగోది పిల్లల చేతిలో పెట్టడం, పుస్తకం రాసినవాళ్లు అలా అనుకున్నా అనుకోకపోయినా, గట్టి పనితనమే.

నాలుగో పాఠంలో నేల గురించి రాయాల్సి వచ్చినప్పుడు ఒక చిన్న పని పెట్టొచ్చు. కాల్వ కింది మడి నుంచి, మామిడి తోట నుంచి, చలక నుంచి తలా పిడికెడు మట్టి తెచ్చి తడిపి, అరచేతుల మధ్య తాడులా పేనాలి. రేగడి సన్నగా సాగి ఉంగరంలా వంగుతుంది. చలక మట్టి సాగుతుంది కానీ వంచగానే పగుళ్లిస్తుంది. ఇసుక పాలు ఎక్కువైతే అసలు తాడే కాదు. నేల శాస్త్రం చదివినవాళ్లు పొలంలో చేసే పరీక్ష ఇదే. పైసా ఖర్చు లేదు, జవాబు వేలికొసల్లో తెలిసిపోతుంది. మాటల్లో రాయమంటే తడబడే పిల్లాడు కూడా ఇక్కడ తాడు పేని చూపించి మార్కు తీసుకుపోతాడు. చేసి చూపించే పరీక్ష అంటే ఇదే.

పటం పని ఇంకొకటి ఉంది. ఖమ్మం జిల్లా వరంగల్ నుంచి విడివడి 1953 అక్టోబరు 1న పుట్టింది. 1959లో తూర్పు గోదావరి నుంచి భద్రాచలం, నూగూరు తాలూకాలు వచ్చి కలిశాయి. 2014లో పోలవరం ముంపు పేరుతో ఏడు మండలాల ఊళ్లు ఆంధ్రప్రదేశ్‌కు పోయాయి. 2016 అక్టోబరు 11న భద్రాద్రి కొత్తగూడెం వేరైంది, కల్లూరు రెవెన్యూ డివిజన్ అయింది. వాజేడు భూపాలపల్లి జిల్లాకు పోయి, 2019లో ములుగుకు చేరింది. అంటే పుస్తకంలో ఖమ్మం జిల్లా అని అచ్చయిన పెనుగోలు, కొండ మీంచి అంగుళం కదలకుండానే రెండు జిల్లాలు మారింది. నాలుగు ట్రేసింగ్ కాగితాల మీద నాలుగు కాలాల హద్దులు గీసి ఒకదాని మీద ఒకటి పెట్టి చూస్తే, తాత చెప్పే ఖమ్మం, నాన్న చెప్పే ఖమ్మం, తన ఖమ్మం మూడూ వేరువేరని పిల్లకు కళ్లకు కడుతుంది. దీనికి షాపులో షీటు దొరకదు.

ఇలాంటి ఆలోచన ఉమ్మడి రాష్ట్రానికి కొత్తగా వచ్చిందేమీ కాదు. 1980ల నడుమ బ్రిటిష్ ప్రభుత్వ సాయంతో మొదలైన ప్రాథమిక విద్యా పథకాన్ని ఇప్పుడు రిటైరైన సార్లు ఏపీపీఈపీ అనే పిలుస్తారు. 1989 తర్వాత అది రాష్ట్రమంతా పాకింది, 1996లో ముగిసింది. దానికి ఆరు సూత్రాలు. టీచరు తానే కృత్యాలు తయారుచేసుకోవడం, చేస్తూ కనుక్కుంటూ ప్రయోగిస్తూ నేర్వనివ్వడం, ఒంటరిగా, జట్టుగా, తరగతంతా కలిసి పనిచెయ్యడం, పిల్లల మధ్య తేడాలకు చోటివ్వడం, పరిసరాలను వాడుకోవడం, పిల్లలు చేసిన పనిని గోడల మీద పెట్టి తరగతిని అందంగా ఉంచడం. ఆ రోజుల్లో టీచర్లు దగ్గర్లోని కేంద్రంలో సమావేశమై ఎవరి కృత్యం వాళ్లు చూపించుకునేవారు. తర్వాత పథకాలు చాలా వచ్చాయి, పేర్లూ చాలా మారాయి. ఇప్పటి బోధనాభ్యసన సామగ్రి (టీఎల్‌ఎం) మేళాలు దాని మనవళ్లే అనుకోవచ్చు. చిన్న తేడా ఏమిటంటే మేళా బల్లల మీద కనిపించేది ఎక్కువగా టీచరు చేతిపని. ఆరు సూత్రాల్లో చివరిది మాత్రం పిల్లల చేతిపనిని గోడకు పెట్టమంది.

మార్కుల లెక్కలోకి ప్రాజెక్టు నిరంతర సమగ్ర మూల్యాంకనంతో వచ్చింది. నిర్మాణాత్మక మూల్యాంకనానికి నాలుగు సాధనాలు: పిల్లల భాగస్వామ్యం, రాత పనులు, ప్రాజెక్టు పని, లఘు పరీక్ష. పదో తరగతిలో 80 మార్కులు పబ్లిక్ పరీక్షకు, 20 బడికి. ఆ 20 ఎత్తేస్తున్నామని 2024 నవంబరులో తెలంగాణ ప్రభుత్వం ప్రకటించి, వెంటనే ఆ ఏడాదికి వాయిదా వేసింది. బడి వేసే మార్కుల మీద నమ్మకం లేదన్నది ఎత్తేయమనేవాళ్ల వాదన. అందులో నిజం లేకపోలేదు. అతికించిన షీటుకు అందరికీ ఒకే మార్కు పడుతుంటే ఎవరు నమ్ముతారు? అయితే ఆ జబ్బు ప్రాజెక్టుది కాదు, ప్రశ్నది.

ప్రశ్నతోనే జబ్బు నయం చేసిన ఒక చోటు ఉంది, మధ్యప్రదేశ్‌లో అప్పటి హోషంగాబాద్. 1972లో 16 బడులతో అక్కడ సైన్సు బోధన పథకం మొదలైంది. తర్వాత ఏకలవ్య సంస్థ దాన్ని భుజానికెత్తుకుని వందల బడులకు తీసుకెళ్లింది. 2002లో అక్కడి ప్రభుత్వం ఆపేసేదాకా నడిచింది. అగ్గిపుల్లలు, సైకిలు వాల్వు ట్యూబు ముక్కలతో ఆకారాలు కట్టడం అరవింద్ గుప్తా చేతిలో రూపుదిద్దుకున్నది అక్కడే. కానీ నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది వాళ్ల పరీక్ష. రాత పరీక్షకు పుస్తకం తెచ్చుకోవచ్చు, ఏడాదంతా తాను రాసుకున్న నోటు పుస్తకమూ తెచ్చుకోవచ్చు. దానితోపాటు చేతులతో చేసి చూపించే ప్రయోగ పరీక్ష ఉంటుంది. పుస్తకం ఎదురుగా ఉంటే కాపీ అన్న మాటకే అర్థం పోయింది. పైగా ఏడాది పొడవునా ఎవరి ప్రయోగం వాళ్లు సరిగ్గా రాసుకుంటేనే ఆ నోటు పుస్తకం పరీక్ష రోజు పనికొస్తుంది. పక్కవాడి లెక్క ఎక్కించుకున్న పిల్లాడికి ఆ రోజు తన పుస్తకమే శత్రువు. కాపలా పెట్టకుండా, బెదిరించకుండా, నిజాయతీని లాభసాటి చేశారు.

ఈ కొలబద్దతో ఇప్పుడు వానమాపకం చూద్దాం. అన్ని తరగతుల్లోనూ ఏదో రూపంలో కనిపించే పాత ప్రాజెక్టే. చార్టు మీద బొమ్మ గీసి ముగించేస్తారు కాబట్టి దానిలో ఉన్న పని ఎవరికీ తెలీదు.

రెండు లీటర్ల కూల్‌డ్రింకు సీసా తీసుకోవాలి. నీళ్ల సీసాలకు ఒంటినిండా మెలికలుంటాయి, అవి పనికిరావు. గోడలు నిటారుగా ఉన్నది ఏరుకోవాలి. మెడ కింద కోసి, పైముక్కను తలకిందులు చేసి గరాటులా అందులోనే దించాలి. గరాటు రెండు పనులు చేస్తుంది: నీళ్లను లోపలికి పంపుతుంది, ఎండకు ఆవిరై పోకుండా కొంత ఆపుతుంది. అసలు చిక్కు సీసా అడుగు. కూల్‌డ్రింకు సీసా అడుగున అయిదు బొడిపెలుంటాయి, అక్కడ నీళ్ల ఎత్తు కొలిస్తే తప్పు వస్తుంది. అందుకని గులకరాళ్లు పోసి, గోడలు నిటారుగా మొదలయ్యేదాకా నీళ్లు నింపి, అక్కడ సున్నా గీత గీయాలి. ఆ గీత పై నుంచి స్కేలు అతికిస్తే పైకి ఎంత ఎత్తు నీరు చేరితే అంత వాన. సీసా వెడల్పు ఎంతైనా పరవాలేదు. నోరు ఎంత వెడల్పో ఒళ్లూ అంతే వెడల్పు కావడమే దీనికి కారణం. ఏడో తరగతి పిల్లలకు ఈ ముక్క ఒక్కసారి వెలిగితే, ఇక వైశాల్యం లెక్కలు తామే తవ్వుకుంటారు. అడ్డం 11 సెంటీమీటర్లున్న సీసాకు నోటి వైశాల్యం సుమారు 95 చదరపు సెంటీమీటర్లు. ఒక మిల్లీమీటరు వాన పడితే చేరేది తొమ్మిదిన్నర మిల్లీలీటర్లు. సిరంజితో పీల్చి చూసుకోవచ్చు.

సీసాను ఇటుకల మధ్య పెట్టాలి, గాలికి పడిపోకుండా. వేపచెట్టు కింద పెడితే కొమ్మల వాన కూడా లెక్కలోకొస్తుంది, గోడ పక్కన పెడితే సగం వాన రాదు. చెట్టు ఎంత ఎత్తో అంతకు రెట్టింపు దూరం జరగాలి. ఆ చెట్టు ఎత్తు కొలవడం మళ్లీ నీడతో చేసే ఇంకో ప్రాజెక్టు. రోజూ పొద్దున ప్రార్థన వేళకు చదివి, సున్నా గీత దాకా నీళ్లు వంపేసి, లెక్క బోర్డు మీద రాయాలి. వాతావరణ శాఖ లెక్క పొద్దున ఎనిమిదిన్నరకు. బడి లెక్క కాస్త ఆలస్యమైనా తేడా పెద్దది కాదు.

కాకిలెక్కలకు దారి ఎలా మూసుకుపోతుందో ఇక్కడ చూడాలి. మండలంలో ఆటోమేటిక్ వాతావరణ కేంద్రం ఉంటుంది, దాని లెక్క మర్నాటి జిల్లా పేజీలో పడుతుంది. బడి సీసా లెక్క దానికి అచ్చంగా సరిపోతేనే అనుమానించాలి. సరిపోకపోతే అది కథ. పేపర్లో 32 మిల్లీమీటర్లు అని ఉండి సీసాలో 9 మాత్రమే ఉంటే, నిన్న వాన కల్లూరులో పడినంతగా మన బడి మీద పడలేదన్నమాట. రెండు కిలోమీటర్ల దూరంలోని మేనమామను అడిగి రమ్మనొచ్చు. వాన అందరికీ ఒకేలా పడదని రైతు ఇంటి పిల్లలకు తెలుసు. అంకెల్లో రాసుకోవడం మాత్రం ఇప్పుడే. టీవీలో భారీ వర్షం అన్నప్పుడల్లా దాని వెనక 64.5 మిల్లీమీటర్ల గీత ఉందనీ, 2.5 కంటే తక్కువ పడితే అది వాన రోజు కిందికే రాదనీ తెలిశాక వార్తలు వినే తీరే మారిపోతుంది. బడి స్లాబు 200 చదరపు మీటర్లనుకుంటే 40 మిల్లీమీటర్ల వానకు దాని మీద పడేది 8 వేల లీటర్లు. అయిదు వేల లీటర్ల ట్రాక్టరు ట్యాంకరుతో పోలిస్తే ఒకటిన్నర ట్యాంకరు పైమాటే. ఎండాకాలంలో ఆ ట్యాంకరు కోసం ఎదురుచూసిన పిల్లలే ఈ లెక్క వేస్తారు.

కల్లూరుకు అచ్చంగా అతికే ప్రాజెక్టు మాత్రం మామిడి పూతది. దీనికీ ఒక మంచి పూర్వీకుడు ఉన్నాడు. సీజన్‌వాచ్ అనే కార్యక్రమం 2010 ప్రాంతంలో మొదలైంది, కేరళ బడుల్లో బాగా పాతుకుంది. పని చాలా చిన్నది. ఒక చెట్టును ఎంచుకుని వారానికోసారి వెళ్లి చూడాలి. లేత ఆకులు, ముదురు ఆకులు, మొగ్గలు, పూలు, కాయలు ఒక్కోదాని ముందు మూడు మాటల్లో ఒకటి రాయాలి: లేవు, కొన్ని, చాలా. అంతే. పూలు ఎన్ని అని అడిగితే పిల్లలు భయపడి ఏదో ఒక అంకె వేస్తారు. మూడు మాటలే కాబట్టి అబద్ధం చెప్పాల్సిన అవసరమే రాదు, చెప్పినా కలిసొచ్చేదేమీ లేదు. ఒక్కో పిల్ల లెక్క మోటుగా ఉన్నా వేల చెట్ల లెక్కలు చేరేసరికి దేశంలో ఏ చెట్టు ఎప్పుడు పూస్తుందో గీత బయటపడుతుంది. ఇంత తక్కువ అడిగి ఇంత ఎక్కువ రాబట్టుకున్న ప్రశ్నపత్రం నాకు ఇంకోటి కనపడలేదు.

మన పిల్లలకు ఈ మూడు మాటలకు తోడు ఇంకో మెట్టు ఇవ్వొచ్చు. సంక్రాంతి సెలవులైపోయి బడి తెరిచాక తోటల్లో పూత కనిపిస్తుంది. ఒక్కో జట్టుకు ఒక చెట్టు, చెట్టుకు అయిదు పూతగుత్తులు, ఒక్కోదానికి ఒక్కో రంగు ఊలు దారం. చేతికి అందే ఎత్తులోనే కట్టాలి, కానీ నాలుగు దిక్కులా కట్టాలి, లేకపోతే ఎండ తగిలే వైపు లెక్క మాత్రమే వస్తుంది. ఒక గుత్తిలో పూలు వందలు, ఒక్కోసారి వేలు. ఎలా లెక్కపెట్టాలి? గుత్తిలో చిన్న రెమ్మలెన్నో లెక్కపెట్టి, కింద ఒకటి, నడుమ ఒకటి, పైన ఒకటి రెమ్మ ఎంచుకుని వాటి పూలు లెక్కపెట్టి, సగటు తీసి గుణించాలి. నమూనా తీసుకోవడం అంటే ఏమిటో పాఠం చెప్పకుండానే తెలిసిపోతుంది. భూతద్దం పెడితే ఎక్కువ పూలు మగవే అని కనిపిస్తుంది. నడుమ చిన్న పచ్చటి బొడిపె, అంటే అండాశయం, ఉన్న పువ్వే పిందె కాగలదు.

ఆ తర్వాత ప్రతి శనివారం. పిందె బఠాణీ గింజంతయినప్పుడు ఎన్ని, గోళీ అంతయినప్పుడు ఎన్ని, నిమ్మకాయంతయినప్పుడు ఎన్ని. అంకెలు దబదబా పడిపోతాయి. కాయగా కోతకు వచ్చేది నూటికి ఒక్క పువ్వు కూడా ఉండదు. మార్చి నడుమ నుంచి ఒంటిపూట బడులు, ఎండ ముదరకముందే చూసి రావాలి. ఏప్రిల్ చివర్లో సెలవులిచ్చేనాటికి ఒక్కో గుత్తికి ఒకటో రెండో మిగులుతాయి, కొన్నిటికి ఏమీ మిగలదు. ఏమీ మిగలని గుత్తి పిల్ల ఏడుపు మొహం పెడితే, ఎక్కువ చెప్పుకోవాల్సింది నీ గుత్తి గురించేనమ్మా అని చెప్పాలి.

పట్టిక చివరి గడి పేరు ఏం జరిగింది. అందులో మందు కొట్టిన రోజు, మంచు పడ్డ రోజు, గాలివాన వచ్చిన రోజు రాయాలి. ఇది రైతును అడగందే నిండదు. తేనెమంచు పురుగు అంటే ఏమిటో, ఆకుల మీద జిగట ఎందుకు చేరుతుందో, బూడిద తెగులుకు ఏ మందు వాడారో రైతు నోటి నుంచే వినాలి. తోటమాలి ఒప్పుకోనిదే, మందు కొట్టిన వారంలో అయితే అసలే, పిల్లలు తోటలో అడుగుపెట్టకూడదు. ఇది మాత్రం సారు ముందే తేల్చుకోవాలి.

అసలు మెరుపు చివర్లో ఉంది. అందరి లెక్కలూ ఒకే పెద్ద గ్రాఫు మీద, గోడకు. దారం రంగే గీత రంగు. గాలివాన వచ్చిన వారం అన్ని గీతలూ ఒక్కసారిగా కిందికి దిగుతాయి. ఇంట్లో కూర్చుని రాసుకొచ్చిన గీత మాత్రం ఆ వారం కూడా వయ్యారంగా నున్నగా దిగుతుంది. సారు నోరు విప్పక్కర్లేదు. తరగతి మొత్తం ఆ గీతకేసి చూస్తుంది. ఒకరి లెక్కకు అందరి లెక్కలూ సాక్షులు. నిజంగా తోటకు పోవడం కంటే పాతిక గీతలకు పొంతన కుదిరేలా అబద్ధం అల్లడం ఎంత కష్టమో పిల్లలకు వెంటనే తెలిసిపోతుంది.

అడవి వైపు బడుల్లో ఇంకో రకం పనితనం కావాలి. 2004లో ఉమ్మడి రాష్ట్రం కోయతో సహా ఎనిమిది గిరిజన భాషల్లో, 240 బడుల్లో బహుభాషా బోధన మొదలుపెట్టింది. ఇంట్లో కోయ మాట్లాడి బడిలో తెలుగు వినే పిల్లకు రాత ప్రాజెక్టు రెండింతల బరువు. అదే పిల్లకు అడవిలో ఆకు చూపించి పేరు చెప్పమంటే సారు కంటే ఆమే ముందుంటుంది. ఇరవై చెట్ల ఆకులు తెచ్చి, పాత పేపర్ల మధ్య అణిచి, ప్రతిదాని పక్కన ఇంట్లో ఏమంటారో, దేనికి వాడతారో ఆమె చెబుతుంటే సారు రాసుకోవాలి. తునికాకు గురించి అడిగితే యాభై ఆకులకు ఒక కట్ట, వెయ్యి కట్టలకు ఒక ప్రామాణిక సంచి అన్న లెక్క అమ్మానాన్నల వెంట కల్లానికి పోయిన పిల్లల నోటనే ఉంటుంది. యాభై వేల ఆకులు! గుణకారం పాఠానికి ఇంతకంటే పెద్ద లెక్క ఎందుకు? సారు శిష్యుడయ్యే ప్రాజెక్టు కాబట్టి కాపీకి చోటు లేదు, సారు దగ్గర జవాబే లేదు మరి.

ఇక మార్కులు. మంచి పని ఇచ్చి పాత పద్ధతిలో మార్కులేస్తే అంతా బూడిదలో పోసిన పన్నీరే. అట్ట అందానికి, చేతిరాతకు ఎక్కువ వేసినన్నాళ్లూ అక్కలే ప్రాజెక్టులు చేస్తారు. మామిడి పట్టికలో జ్వరమొచ్చి వెళ్లని శనివారం ఖాళీగా వదిలేసి పక్కన వెళ్లలేదు అని రాసిన పిల్లకు, ఆ గడి ఊహించి నింపిన పిల్లకంటే ఎక్కువ మార్కు ఇస్తానని సారు మొదటిరోజే చెప్పాలి, చెప్పి ఇవ్వాలి. ఆ తర్వాత అయిదు నిమిషాలు ఎదురుగా కూర్చోబెట్టి రెండే ప్రశ్నలు: ఏ వారం ఎక్కువ రాలాయి? ఎందుకనుకుంటున్నావు? రాత సరిగ్గా రాని పిల్లాడు ఇక్కడ నోరు విప్పుతాడు. ఇంట్లో కూర్చుని రాసుకొచ్చినవాడు ఇక్కడ నీళ్లు నములుతాడు. నలభైమంది తరగతిలో అందరితో అలా కూర్చోవడం ఒక్కరోజులో అయ్యే పని కాదు, నిజమే. రోజుకు నలుగురు చొప్పున భోజన విరామం తర్వాత పిలిస్తే రెండు వారాల్లో అవుతుంది.

ఒక్క సంగతి మిగిలింది. ఏడాది చివర ప్రాజెక్టు చార్టులన్నీ కట్టకట్టి పాత పేపర్లవాడికి వేసేయడం చాలా బడుల్లో ఆనవాయితీ. వాన లెక్కలు, మామిడి గ్రాఫు అలా పోకూడదు. ఒక లాంగ్ రిజిస్టరులో ఎక్కించి హెచ్‌ఎం బీరువాలో పెడితే, జూన్‌లో వచ్చే కొత్త తరగతి మొదటి రోజునే పాతవాళ్ల అంకెలు చూసి, మా సంవత్సరం ఎక్కువా తక్కువా అని పందెం వేసుకోవచ్చు. రిజిస్టరు రెండేళ్లు నిండిందంటే మూడో ఏడు టీచరు బదిలీ అయినా పిల్లలే సీసా కోసుకుంటారు.